సర్టిఫికెట్ల సంగతి తర్వాత, ముందు వార్డులో పని నేర్చుకోనివ్వండి

ప్రశ్న: మా అమ్మాయి మెడిసిన్ పూర్తిచేసి ఈమధ్యే హౌస్ సర్జన్‌గా చేరింది. చదువులో ఎప్పుడూ ముందుండేది. ఇప్పుడేమో డ్యూటీ నుంచి వచ్చి ‘నాకేమీ రాదమ్మా’ అని ఏడుస్తోంది. తోటివాళ్లలో కొందరు ఆన్‌లైన్ కోర్సులు చేసి సర్టిఫికెట్లు పోగేస్తున్నారట. కొందరు డ్యూటీలోనే పీజీ పుస్తకాలు ముందేసుకుంటున్నారట. మా అమ్మాయి ఏం చేస్తే మంచిది?
– ఒక తల్లి

జవాబు: కంగారు పడకండమ్మా. పరీక్షలో జబ్బు గురించి అడుగుతారు. వార్డులో ఆయాసపడుతున్న మనిషి ఎదురుగా ఉంటాడు, అది ఏ జబ్బో ఎవరూ చెప్పరు, అప్పటికప్పుడు ఏదో ఒకటి చేయాలి. ఈ పని పుస్తకాలతో రాదు. బ్రిటన్‌లో పట్టా అందుకున్న ప్రతి కొత్త డాక్టరుకూ ఫౌండేషన్ ప్రోగ్రామ్ అనే రెండేళ్ల శిక్షణ పెట్టింది ఇందుకే. అది 2005లో మొదలైంది. మీ అమ్మాయికి భయం వేస్తోందంటే, తన బాధ్యత ఎంతటిదో తెలిసిందన్నమాట.

ఈ ఏడాది తను చేయాల్సిన ముఖ్యమైన పని ఒకటుంది. తను పేషెంట్‌ను చూస్తున్నప్పుడు పక్కన నిలబడి గమనించమని సీనియర్లను అడగాలి. చాలామంది అడగరు, మొహమాటం. ‘మేడమ్, ఈ కేసు నేను చూస్తాను, ఓ పదిహేను నిమిషాలు గమనించి ఎక్కడ తప్పు చేశానో చెప్తారా?’ అంటే చాలు. మినీ-సీఈఎక్స్ (మినీ క్లినికల్ ఎవాల్యుయేషన్ ఎక్సర్‌సైజ్) అనే మదింపు పద్ధతి సరిగ్గా ఇదే. ఒంటరిగా వంద కేసులు చూస్తే, పొట్ట నొక్కి చూడటంలో ఉన్న పొరపాటే వందసార్లు అలవాటవుతుంది. ఒక్కసారి ఎవరైనా చూసి చెప్తే అక్కడితో పోతుంది.

రెండోది, రాత్రిపూట సీనియర్‌కు ఫోన్ చేయడం. ‘సార్, ఆరో బెడ్ పేషెంట్ బాలేడు’ అంటే అవతలివారికి ఏమీ అర్థం కాదు, విసుక్కుంటారు కూడా. ఆ విసుగుకు భయపడి మరుసటిసారి ఫోన్ చేయడం మానేయడమే అసలు ప్రమాదం. ఇలా చెప్పమనండి: ‘సార్, ఆరో బెడ్. పొట్ట ఆపరేషన్ అయి ఇది రెండో రోజు. అరగంటగా బీపీ 90/60, పల్స్ 124, యూరిన్ తగ్గింది. లోపల బ్లీడింగ్ అవుతోందేమోనని అనుమానం. మీరొచ్చి చూడాలి.’ ఏం జరుగుతోంది, వెనక ఏముంది, నేనేమనుకుంటున్నాను, మీరేం చేయాలి – ఈ నాలుగూ ఉంటే ఎంత నిద్రలో ఉన్న సీనియరైనా లేచి వస్తారు.

డ్యూటీ అప్పగించడమూ అంతే ముఖ్యం. అమెరికా, కెనడాల్లో తొమ్మిది ఆసుపత్రుల పిల్లల విభాగాల్లో హ్యాండోవర్‌ను ఒక పద్ధతిలో పెట్టి చూశారు. 2014లో వచ్చిన ఫలితాల ప్రకారం వైద్యంలో పొరపాట్లు 23 శాతం తగ్గాయి. ఆ పద్ధతిలో నాకు బాగా నచ్చినది చివరి మెట్టు: విన్నవాళ్లు తాము విన్నది తిరిగి చెప్పాలి.

కోర్సుల విషయానికొస్తే, ప్రాణరక్షణ శిక్షణలు తప్పకుండా చేయాలి. అయితే సర్టిఫికెట్ రెండేళ్లు చెల్లుతుందని ఊరుకోకూడదు. చేతిలో నేర్పు కొన్ని నెలల్లోనే తగ్గిపోతుంది. గుండె ఆగినవారికి నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 సెంటీమీటర్లకు తగ్గకుండా ఛాతీ నొక్కడం బొమ్మ మీద మళ్లీమళ్లీ చేస్తేనే నిలుస్తుంది. మిగతా ఆన్‌లైన్ సర్టిఫికెట్లు ఇప్పుడు అక్కర్లేదు.

పీజీకి చదవాలి, కాదనను. కాకపోతే డ్యూటీలో కాదు. ఆ రోజు చూసిన కేసు గురించి ఆ రాత్రే నాలుగు పేజీలు చదివితే పరీక్షకూ పనికొస్తుంది, మర్నాడు పేషెంట్‌కూ పనికొస్తుంది. ఏ బ్రాంచి అన్నది పోస్టింగులన్నీ తిరిగాక చూసుకోవచ్చు.

సూది గుచ్చుకుంటే దాచుకోవద్దని మాత్రం గట్టిగా చెప్పండి. వెంటనే సబ్బుతో కడిగి, రిపోర్ట్ చేయాలి. హెచ్‌ఐవీ నివారణ మందులు 72 గంటల్లోపే మొదలుపెట్టాలి, ఎంత తొందరగా వేసుకుంటే అంత మంచిది.

ఇక మీరు చేయగలిగింది. 24 గంటలు, అంతకుమించిన డ్యూటీల తర్వాత ఇంటికెళ్లే దారిలో కొత్త డాక్టర్లకు ప్రమాదాల ముప్పు రెట్టింపు కంటే ఎక్కువని 2005లో ఒక అధ్యయనం తేల్చింది. అలాంటి రోజుల్లో తనను బండి నడపనివ్వకండి, ఎవరైనా వెళ్లి తీసుకురండి. వచ్చాక ‘ఎన్ని పేజీలు చదివావ్’ అని అడగకుండా పడుకోనివ్వండి. రెండు వారాలు దాటినా ఏడుపు తగ్గకపోయినా, సెలవు రోజున కూడా నిద్ర పట్టకపోయినా కొత్త ఉద్యోగం టెన్షన్ అని సరిపెట్టుకోవద్దు, సైకియాట్రిస్టుకు చూపించండి. డాక్టరైనంత మాత్రాన తనకు వైద్యం అక్కర్లేదని కాదు కదా.