ముందు నీ వైపు వచనాన్ని పరీక్షించు

శ్రీకాకుళం

ప్రియమైన తమ్ముడికి, ప్రభువు నామంలో వందనాలు.

పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వడం తప్పంటూ నువ్వు రాసి పంపిన వ్యాసం నింపాదిగా చదివాను. భాష బాగుంది, పట్టుదలా ఉంది. మనిద్దరం బాప్టిస్టు సంఘంలో పెరిగినవాళ్లం, నాగావళిలో దిగి బాప్తిస్మం తీసుకున్నవాళ్లం. నీ అభిప్రాయంతో నాకు పేచీ లేదు. పేచీ అంతా దాన్ని నిరూపించిన తీరుతోనే.

పౌలు బోధ విని ఇంటివారితో సహా బాప్తిస్మం పొందిన లూదియ ఇంట్లో పసిపిల్లలు లేరని తేల్చేశావు. అపొస్తలుల కార్యములు 16:15 తీసి మళ్లీ చదువు. ఆమె, ఆమె ఇంటివారు బాప్తిస్మం పొందారని ఉంది, అంతే. పిల్లలు ఉన్నారనీ లేదు, లేరనీ లేదు. అదే అధ్యాయంలో చెరసాల నాయకుడి దగ్గరకు రా. 32లో ఇంట్లో ఉన్నవాళ్లందరికీ వాక్యం బోధించారు, 34లో ఇంటివారందరితో కూడ విశ్వాసముంచి ఆనందించాడు. నీ వాదనకు ఏదైనా ఆధారం ఉంటే ఇక్కడ ఉంది. లేనిచోట ఉందని రాస్తే, శిశు బాప్తిస్మం ఇచ్చే మీ ఊరి లూథరన్ పాస్టరు గారు ఆ ఒక్క వాక్యం పట్టుకుని మిగతా వ్యాసమంతా పక్కన పెట్టేస్తారు. అది ఆయన తప్పు కాదు. ఆయన వాగ్దానం "మీకును మీ పిల్లలకును" అన్న అపొస్తలుల కార్యములు 2:39 చూపిస్తారు, కొలొస్సయులకు 2:11-12లో సున్నతిని, బాప్తిస్మాన్ని కలిపి చెప్పిన మాట చూపిస్తారు. ఈ రెండూ నీ వ్యాసంలో ఎక్కడా లేవు. వాటికి జవాబు చెప్పకుండా ఖండన ఎలా పూర్తవుతుంది?

ఎదుటివాళ్ల వచనాన్ని ఎంత అనుమానంగా చూస్తావో, నీకు అనుకూలంగా ఉన్న వచనాన్ని అంతకన్నా ముందు అలా చూడు. నేను అడిగేది ఇదే.

త్రిత్వం విషయమే తీసుకో. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ అనే త్రిత్వాన్ని ఒప్పుకోక "యేసు నామం మాత్రమే" అనేవాళ్లతో వాదించేటప్పుడు మనవాళ్లు కొందరు కింగ్ జేమ్స్ బైబిల్లోని 1 యోహాను 5:7 చూపిస్తారు. పరలోకంలో సాక్ష్యమిచ్చేవారు ముగ్గురు, తండ్రి, వాక్యము, పరిశుద్ధాత్మ అని అందులో ఉంటుంది. ఎరస్మస్ అనే పండితుడు అచ్చువేసిన గ్రీకు కొత్త నిబంధనలో, 1516 ముద్రణలోనూ 1519 ముద్రణలోనూ ఆ మాటలు లేవు. 1522 ముద్రణలో చేర్చాడు. ప్రాచీన గ్రీకు ప్రతుల్లో అవి కనపడవు. మన తెలుగు బైబిల్లో అక్కడ ఆత్మ, నీళ్లు, రక్తమే ఉన్నాయి. త్రిత్వాన్ని నేను మనసారా నమ్ముతాను. మత్తయి 28:19 ఉంది, యోహాను 1:1 ఉంది, 2 కొరింథీయులకు 13:14 ఉంది. ఇన్ని ఉండగా నిలబడని వచనాన్ని ఎత్తుకుంటే, వినేవాడికి సిద్ధాంతం మీదే నమ్మకం పోతుంది.

ఇక విశ్వాసమా, క్రియలా అన్న గొడవ. క్రియలు లేకుండా విశ్వాసం వల్లే మనిషి నీతిమంతుడవుతాడనే రోమా 3:28 మనకు నోటికి వచ్చు. ఆర్‌సీఎం వాళ్లు, అంటే రోమన్ కాథలిక్కులు, విశ్వాసం వల్ల మాత్రమే కాదు, క్రియల వల్ల అనే యాకోబు 2:24 తీస్తారు. రెండు వైపులా వచనం వచనాన్ని కొడుతూ ఉంటుంది. కానీ పౌలూ యాకోబూ ఇద్దరూ అబ్రాహామునే చూపించారు, అతను దేవుణ్ణి నమ్మాడు, అది అతనికి నీతిగా ఎంచబడింది అనే ఆదికాండము 15:6నే ఇద్దరూ ఎత్తి రాశారు! తేడా ఏంటంటే, యాకోబు దాన్ని 22వ అధ్యాయంలో ఇస్సాకును బలిపీఠం మీద పెట్టిన సంఘటనకు ముడిపెట్టాడు. ఈ రెండు అధ్యాయాల మధ్య ఎన్నో ఏళ్లు గడిచాయి. ఇష్మాయేలు పుట్టినప్పుడు అబ్రాముకు 86 ఏళ్లు, ఇస్సాకు పుట్టినప్పుడు నూరేళ్లు, ఆ ఇస్సాకు కట్టెలు మోసే వయసుకు వచ్చాక మోరీయా దేశపు కొండ మీద ఆ బలిపీఠం. దేవుడు నీతిమంతుడిగా ఎంచిన రోజు గురించి పౌలు రాస్తున్నాడు, ఆ విశ్వాసం ఏళ్ల తర్వాత క్రియలో రుజువైన రోజు గురించి యాకోబు రాస్తున్నాడు. నేను అర్థం చేసుకున్నది ఇది. కాథలిక్కులు ఇంత తేలిగ్గా ఒప్పుకోరు, వాళ్ల కారణాలు వాళ్లకున్నాయి. అవి కూడా చదివి రాయి.

"అబద్ధ బోధకులు" అన్న మాట వ్యాసమంతా వాడావు. తీసెయ్. 2 పేతురు 2లో ఆ పేరు ఎవరికి పెట్టాడో చూడు: ప్రభువునే కాదన్నవాళ్లకి, ధనాశతో విశ్వాసుల మీద లాభం చేసుకున్నవాళ్లకి. పిల్లల్ని ప్రభువుకు అప్పగించాలని నీళ్లు చల్లించుకునే తల్లిదండ్రులకి ఆ మాట ఎలా అంటావు? మన వైపు ఒకే ఇంట్లో అన్న బాప్టిస్టు, వదిన ఆర్‌సీఎం, మరిది పెంతెకొస్తు. సమాధి కూటానికి అందరూ ఒక్కచోటే కూర్చుంటారు. అపొస్తలుల కార్యములు 18లో అపొల్లో అనే బోధకుడి బోధలో లోటు కనబడితే ప్రిస్కిల్ల, అకుల అతన్ని చేర్చుకుని విడమరిచి చెప్పారు. సమాజమందిరంలో నిలబెట్టి పరువు తీయలేదు.

లూదియ పేరా తిరగరాసి, 2:39కి నీ జవాబు కలిపి పంపు. అచ్చుకు ఇచ్చేముందు ఆ లూథరన్ పాస్టరు గారికి కూడా ఒక కాపీ ఇవ్వు. తన వాదన సరిగ్గానే రాశావని ఆయన ఒప్పుకుంటే, నాకు ఫోన్ చెయ్యి.

ప్రభువులో,
మీ అన్న