ఏఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్‌కు ముందు కుర్రాళ్లను క్లబ్బులు ఎలా బేరీజు వేస్తాయి?

ఏఎఫ్‌ఎల్ అంటే ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ లీగ్; డ్రాఫ్ట్ అంటే క్లబ్బులు వరుస నంబర్ల ప్రకారం కొత్త కుర్రాళ్లను ఎంచుకునే కార్యక్రమం. అందరి కళ్లూ దానికి ముందు జరిగే డ్రాఫ్ట్ కంబైన్ అనే శారీరక పరీక్షల మీదే ఉంటాయి: 20 మీటర్ల పరుగు, నిలబడి ఎగరడం, 2 కిలోమీటర్ల పరుగు. నన్నడిగితే వాటికి ఇవ్వాల్సిన దానికంటే ఎక్కువ విలువ ఇస్తున్నారు. అసలు సంగతి మ్యాచుల్లో తేలుతుంది. అండర్-18 ఛాంపియన్‌షిప్‌లో బంతి కోసం నలుగురు మీద పడుతున్నప్పుడు కుర్రాడు తల పైకెత్తి చూస్తున్నాడా, కుడి కాలు మూసేస్తే ఎడమ కాలితో తన్నగలడా, బంతి పోగానే వెనక్కి పరిగెడుతున్నాడా? క్లబ్బుల కోసం ఆటగాళ్లను వెతికే స్కౌట్లు వీడియో వెనక్కి తిప్పి మరీ చూసేవి ఇవే.

చాలామంది పట్టించుకోనిది పుట్టిన నెల. ఆ ఏడాది డిసెంబర్ 31 నాటికి 18 నిండితే చాలు, డ్రాఫ్ట్‌కు అర్హత వస్తుంది. అంటే జనవరిలో పుట్టినవాడికీ డిసెంబర్‌లో పుట్టినవాడికీ దాదాపు ఏడాది తేడా. ఆ వయసులో ఏడాదంటే మాటలా! ముందే ఒళ్లు చేసినవాడు తోటివాళ్లను తోసుకుంటూ వెళ్లిపోతాడు. పెద్దల లీగ్‌లో ఆ పప్పులు ఉడకవు. రక్‌మెన్ (గాల్లోకి లేచిన బంతి కోసం ఎగిరి పోటీపడేవాళ్లు) లాంటి పొడగరులైతే కుదురుకోవడానికే ఏళ్లు పడుతుంది. తర్వాత మేటి రక్‌మన్‌గా ఎదిగిన మ్యాక్స్ గాన్‌ను 2009లో మెల్‌బోర్న్ 34వ నంబర్‌లో తీసుకుంది.

గాయాల చరిత్ర, స్వభావం కూడా చూస్తారు. ఇంటర్వ్యూలు చేస్తారు, కోచ్‌లను వాకబు చేస్తారు.

ఇంత చేసినా గురి తప్పుతుంది. 2001 డ్రాఫ్ట్‌లో హాథార్న్ క్లబ్ మొదట ల్యూక్ హాడ్జ్‌ను, సెయింట్ కిల్డా క్లబ్ రెండో నంబర్‌లో ల్యూక్ బాల్‌ను ఎంచుకున్నాయి. మూడోవాడు క్రిస్ జడ్, తర్వాత లీగ్‌లో సీజన్ మేటి ఆటగాడికిచ్చే బ్రౌన్లో పతకాన్ని రెండుసార్లు గెలిచాడు. అదే డ్రాఫ్ట్‌లో 58వ నంబర్ దాకా మిగిలిపోయిన డేన్ స్వాన్ 2011లో అదే పతకం ఎత్తుకెళ్లాడు.