చప్పబడిన క్యాంపెయిన్ గురించి ఒక యువ రచయితకు లేఖ

ప్రియమైన మిత్రునికి,

నీ ఉత్తరమూ, దానితో పాటు పంపిన క్యాంపెయిన్ నోట్సూ చదివాను. బల్ల చుట్టూ కూర్చుని తలా ఒక పాత్రగా మాటలతో, డైస్‌తో ఆడే రోల్‌ప్లేయింగ్ ఆటకు నువ్వు గేమ్ మాస్టర్‌వి, అంటే కథా ప్రపంచాన్ని నడిపేవాడివి; సెషన్ తరువాత సెషన్‌గా, అంటే కూర్చున్న ప్రతిసారీ కొంత చొప్పున సాగే ఆ పొడుగాటి కథే నీ క్యాంపెయిన్. మొదట్లో ఉన్న ఊపు ఇప్పుడు లేదనీ, పోరాటం మధ్యలోనే ఒకరు ఫోన్ చూసుకుంటున్నారనీ, తన వంతు వచ్చాక తలెత్తి "ఇప్పుడు ఎవరిని కొట్టాలి?" అని అడుగుతున్నారనీ రాశావు. వచ్చే సెషన్‌లో ఒక డ్రాగన్‌ను దింపితే పరిస్థితి మారుతుందా అన్నది నీ ప్రశ్న. మారదని నా అభిప్రాయం. డ్రాగన్ వచ్చిన పూట అందరూ నిటారుగా కూర్చుంటారు, అది చచ్చిన మరుసటి వారం ఫోన్లు మళ్లీ బయటికి వస్తాయి.

నీ నోట్సులో కొత్తదనానికి కొరతేమీ లేదు. రాజ్యాలు, వంశావళులు, పాడుబడిన కోటలు కావలసినన్ని ఉన్నాయి, నీకు చేయి తిరిగిన విద్య కనుక వాటి వర్ణనా బాగుంది. అయితే అవన్నీ ఆటగాళ్లు వచ్చి తలుపు తట్టేదాకా ఎక్కడివక్కడే ఆగిపోయి ఉన్నాయి. కోటలోని మాంత్రికుడు వాళ్లు ఈ వారం వెళ్లినా, ఆరు నెలలు ఆగి వెళ్లినా అదే గదిలో అదే మంత్రం చదువుతూ ఉంటాడు. ఈ సంగతి ఆటగాళ్లకు ఎవరూ చెప్పనక్కరలేదు, కొన్ని సెషన్లలో వాళ్లే కనిపెట్టేస్తారు. తాము చేసినదానికీ చేయనిదానికీ తేడా లేదని తెలిశాక ఎంత గొప్ప వర్ణన అయినా వాళ్ల చెవికెక్కదు. అందుకని కొత్తవి తెచ్చిపెట్టడం మానేసి, ఉన్నవాటిని కదిలించు.

మూడో సెషన్‌లో మీ వాళ్లు వంతెన దగ్గర సుంకం వసూలు చేసేవాడిని కట్టేసి, పెట్టె ఖాళీ చేసి, జాలిపడి ప్రాణాలతో వదిలేశారని నోట్సులో ఒకే ఒక్క వాక్యం ఉంది. ఆ తరువాత అతని ఊసే లేదు. నీ క్యాంపెయిన్‌కు ప్రాణం పోయగల మనిషి అతనేనని నాకు అనిపించింది. పెట్టె పోగొట్టుకున్న వసూలుదారుకు ఏమవుతుందో ఆలోచించు. ఉద్యోగం పోతుంది, పోయిన సొమ్ము అతని నెత్తిన పడుతుంది, అది తీర్చలేక ఎవరో ఒక పెద్దమనిషి పంచన చేరతాడు. దోచుకున్నవాళ్ల ముఖాలను దగ్గర నుంచి చూసినవాడు అతనొక్కడే కనుక, మీ వాళ్ల శత్రువుకు అతనితో చాలా పని ఉంటుంది. వచ్చే సెషన్‌ను ఇలా మొదలుపెట్టి చూడు. వాళ్లు సత్రంలోకి అడుగుపెట్టగానే గోడమీద తమ బొమ్మలే కనిపిస్తాయి. కత్తివీరుడి ముక్కు తప్పుగా గీశారు గాని, నుదుటి మీది గాటు మాత్రం ఉన్నచోటే ఉంది. సత్రం యజమాని బొమ్మనొకసారి, వాళ్లనొకసారి చూసి, ఏమీ అనకుండా పనికుర్రాడిని పెరటి గుమ్మం గుండా బయటికి పంపుతాడు. అక్కడ ఆగి, "ఏం చేస్తారు?" అని అడుగు. వాళ్లు పారిపోవచ్చు, యజమానికి డబ్బు ముట్టజెప్పవచ్చు, కుర్రాడి వెంట పడవచ్చు, ఆ బొమ్మలు గీయించినదెవరో ఆరా తీయవచ్చు, ఏది చేసినా నీకు పనికివస్తుంది. "వాడిని మనమే కదా వదిలేసింది" అని వాళ్లలో ఒకరు అన్నప్పుడు బల్ల చుట్టూ పుట్టే కలకలం ఏ డ్రాగన్‌తోనూ రాదు.

ఇది నా సొంత తెలివి కాదు. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ వెలువరించిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే రోల్‌ప్లేయింగ్ ఆట యుద్ధవ్యూహాల ఆటల్లోంచి పుట్టింది, ఆ ఆటల్లో అవతలి పక్షం ఎన్నడూ చేతులు కట్టుకుని కూర్చోదు. కాలం లెక్క కచ్చితంగా రాసుకోకపోతే క్యాంపెయిన్‌కు అర్థమే ఉండదని గైగాక్స్ ఆ ఆట నడిపేవారి కోసం రాసిన 1979 నాటి డంజన్ మాస్టర్స్ గైడ్‌లో పెద్ద అక్షరాలతోనే హెచ్చరించాడు. అంత చాదస్తం అక్కరలేదని నీకు అనిపిస్తే, 2017లో వచ్చిన బ్లేడ్స్ ఇన్ ద డార్క్ అనే మరో రోల్‌ప్లేయింగ్ ఆటలోని క్లాక్ పద్ధతి తీసుకో. ఒక వృత్తం గీసి, నాలుగో ఆరో ఎనిమిదో భాగాలు చేసి, దానిపైన "మాంత్రికుడు వంతెనను కూల్చేస్తాడు" వంటి ఒక వాక్యం రాస్తావు. ఆటగాళ్లు ఆలస్యం చేసినప్పుడో, తలపెట్టిన పని బెడిసికొట్టినప్పుడో ఒక భాగం నింపుతావు, అన్నీ నిండిన రోజున రాసినది జరిగి తీరుతుంది. ఆ కాగితాన్ని బల్ల నడుమ అందరికీ కనిపించేలా పెట్టు. (రహస్యంగా దాచుకునే గేమ్ మాస్టర్లూ ఉన్నారు, కాని ఎవరికీ కనిపించని గడువు ఎవరినీ కంగారుపెట్టదు.) ఒకేసారి రెండు క్లాక్‌లు చాలు, ఐదు పెట్టుకుంటే నింపడం నువ్వే మరచిపోతావు. నిండాక మాత్రం వెనకాడవద్దు. అవతలి ఒడ్డున నువ్వు ఎంతో ముచ్చటపడి రాసుకున్న నగరం ఉన్నా సరే, వంతెన కూలవలసిందే.

ఇక డైస్ సంగతి. తాళం తీయడానికి 15 కావాలన్నావు, దొంగ పాత్రకు డైస్ మీద పడినదానికి 5 అదనంగా కలుస్తుంది, అంటే ఇరవై ముఖాల డైస్ మీద 10 లేదా ఆపైన పడాలి. అది 55 శాతం. మిగిలిన 45 శాతం సార్లు నువ్వు "తాళం రాలేదు" అంటావు, ఆటగాడు "మళ్లీ వేస్తాను" అంటాడు. తప్పితే ఏమీ జరగని చోట, ఎన్నిసార్లైనా వేసుకోగలిగిన చోట డైస్ వేయించడమే దండగ, తాళం వచ్చేసిందని చెప్పి ముందుకు నడిపించు. వేయించదలచుకుంటే ముందే చెప్పు: "తక్కువ పడినా తాళం వస్తుంది, కాని ఆ చప్పుడు పై అంతస్తులోని కాపలావాడి దాకా వెళ్తుంది." అప్పుడు డైస్ దొర్లుతున్నంతసేపూ అందరి చూపులూ దానిమీదే ఉంటాయి.

పోరాటాలు జీడిపాకంలా సాగుతున్నాయన్నావు. నీ శత్రువులంతా చివరి మనిషి దాకా పోరాడటమే అందుకు కారణం. 1981 నాటి డంజన్స్ అండ్ డ్రాగన్స్ బేసిక్ నియమాలలో దీనికి చక్కటి ఉపాయం ఉంది. శత్రువుల్లో మొదటివాడు పడినప్పుడూ, మళ్లీ సగంమంది పడినప్పుడూ రెండు ఆరు ముఖాల డైస్ వేస్తారు, మొత్తం ఆ శత్రువుకు రాసిపెట్టిన ధైర్యం అంకెను దాటితే వాళ్లు పారిపోతారు లేదా లొంగిపోతారు. ఎదురుపడ్డవాళ్ల మనసు తెలుసుకోవడానికి కూడా ఆ నియమాలలో రెండు ఆరు ముఖాల డైస్ వేసి చూసుకునే పట్టిక ఉంది. 36 అవకాశాలలో తక్షణం మీదపడేది ఒక్కదానికే, మొత్తం 6 నుంచి 8 దాకా పడి వాళ్లు ఎటూ తేల్చుకోలేకపోయేవి 16. అంటే అన్నిటికన్నా ఎక్కువసార్లు తేలేది మాట్లాడటానికి దారి ఉన్న పరిస్థితే. నువ్వు ఏ ఆట ఆడుతున్నా ఈ రెండింటినీ అరువు తెచ్చుకోవచ్చు. లొంగిపోయినవాడు నోరు విప్పుతాడు, ఆ నోట వసూలుదారు పేరు పలికించడం నీ చేతిలో పని.

రచయితవు కనుక నీకు ప్రత్యేకంగా చెప్పవలసినది ఒకటుంది. పట్టాభిషేకం నాడు రాకుమారుడు చేసే నమ్మకద్రోహాన్ని సంభాషణలతో సహా మూడు పేజీలు రాసిపెట్టుకున్నావు. దాన్ని కథగా అచ్చుకు పంపు, బల్ల దగ్గరికి మాత్రం తీసుకురావద్దు. ఆటకు కావలసినవి రాకుమారుడికి ఏం కావాలి, దేనికి భయపడతాడు, ఎవరూ అడ్డుపడకపోతే రేపు ఏం చేస్తాడు అన్న మూడు వాక్యాలే. ఆటగాళ్లు ముందుగానే అతణ్ణి తమవైపు తిప్పుకుంటే ద్రోహం జరగదు, జరగనక్కరలేదు.

ఆటగాళ్లను "ఆట బాగుందా?" అని అడగవద్దు, మొహమాటానికి బాగుందనే అంటారు. ఇంతదాకా కలిసినవాళ్లలో మళ్లీ ఎవరిని చూడాలనుందో, ఏది ఇక చాలనిపిస్తోందో అడుగు. సెషన్ ముగిసేముందు వచ్చేసారి ఎటు వెళ్తారో చెప్పించుకుంటే నీకు సగం శ్రమ తగ్గుతుంది. ఫోన్ చూసేవారి విసుగంతా నీ వల్లనే అనుకోకు, మనుషులు పనిచేసి అలసిపోయి వస్తారు.

ఇవన్నీ చేసినా కదలిక రాకపోతే, అలసినది బహుశా నువ్వే. ఒకటి రెండు వారాలు మరొకరిని చిన్న ఆట నడపమని నువ్వు ఆటగాడిగా కూర్చో. లేదా కథలో రెండేళ్లు ముందుకు జరిపి, ఆ మధ్యకాలంలో తన పాత్ర ఏం పోగొట్టుకుందో ఒక్కొక్కరినీ చెప్పమను. అదీ కాదంటే ఇంకా నాలుగు సెషన్లే ఉన్నాయని ప్రకటించి, నాలుగోదానికి నిండేలా ఒక క్లాక్ గీసి పెట్టు. గడువు తెలిసిన ఆటగాళ్లు ఏడాదిగా దాచుకున్న మంత్రాలనూ, తీర్చుకోని పగలనూ, చెప్పుకోని ప్రేమలనూ ఒక్కసారిగా బయటికి తీస్తారు.

నీ శ్రేయోభిలాషి