సౌమ్యకు, నీ కొల్లేరు జీవి గురించి

చిరంజీవి సౌమ్యకు,

ఆశీస్సులు. నీ స్క్రిప్టు ఎనిమిది ఎపిసోడ్లూ రెండుసార్లు చదివాను. చివర నువ్వు అడిగిన మాట వారం రోజులుగా నన్ను వదల్లేదు: "మాస్టారూ, గ్రాఫిక్స్‌కి డబ్బు లేదంటున్నారు. నా జీవిని తెర మీద చూసి జనం నవ్వితే ఎలా?"

ఈ టెన్షన్ నీ ఒక్కదానిదే కాదమ్మా. 1963 నవంబర్ 23న బీబీసీలో మొదలైన 'డాక్టర్ హూ' సీరియల్, అంటే కాలంలోనూ అంతరిక్షంలోనూ తిరిగే 'డాక్టర్' అనే ఒకాయన కథ, దశాబ్దాల పాటు ఇదే టెన్షన్‌తో నడిచింది. మా అబ్బాయి లండన్‌లో ఉద్యోగం చేసిన రోజుల్లో ఆ డీవీడీలు తెచ్చిపెడితే చాలా కథలు చూశాను. ఒక వింత జీవి కథలో ఎలా చెడుతుందో, ఎలా నిలబడుతుందో నేర్చుకోవడానికి అంతకంటే మంచి బడి నాకు దొరకలేదు.

ముందు బాగా చెడిపోయిన జీవి గురించి చెప్తాను. 1984 జనవరిలో వచ్చిన 'వారియర్స్ ఆఫ్ ది డీప్' కథ. సముద్రం అడుగున ఒక సైనిక స్థావరం. అందులోకి మిర్కా అనే పెద్ద జలచరం చొరబడుతుంది. దాన్ని తాకితే కరెంటు షాక్ కొట్టి చస్తారు. రచయిత జానీ బైర్న్ మనసులో ఉన్నది వెలుతురు సరిగ్గా లేని పాతబడ్డ స్థావరం. తెర మీదికి వచ్చింది పెళ్ళిపందిరిలా వెలిగిపోతున్న తెల్లటి కారిడార్లు. 1983 జూన్‌లో ఎన్నికలని బ్రిటన్ ప్రధాని మార్గరెట్ థాచర్ ప్రకటించేసరికి, బీబీసీ స్టూడియోలు ఎన్నికల ప్రసారాలకి కావలసి వచ్చి, షూటింగ్ తేదీలు ముందుకు జరిగాయి, తయారీకి ఉన్న టైమ్ తగ్గిపోయింది. మిర్కా లోపల ఇద్దరు మనుషులు, ముందు కాళ్ళు ఒకరు, వెనక కాళ్ళు ఒకరు. ఒక పిల్లల సీరియల్లో గుడ్డ గుర్రం ఆడించినవాళ్ళే వాళ్ళు. పచ్చ రంగు ఆరకముందే దాన్ని సెట్‌లోకి తెచ్చారు. తగిలిన నటీనటుల బట్టలకి ఆ రంగు అంటుకుంది.

ఆ బరువు మోస్తూ, లైట్ల వేడిలో, సరిగ్గా కనపడని కళ్ళతో నడిచిన ఆ ఇద్దరినీ చూసి నాకు నవ్వు రాదు. నన్ను బాధపెట్టేది వేరే సీను. ఇంగ్రిడ్ పిట్ వేసిన డాక్టర్ సోలో అనే పాత్ర మిర్కా మీదికి కరాటే దెబ్బలతో వెళ్తుంది. తాకితే ప్రాణం పోతుందని ఒప్పించాల్సిన జీవి కదా, దాన్ని ఎవరైనా కాలితో తన్నబోతారా? ఆ క్షణంలో చూసేవాడికి ఒక సంగతి తెలిసిపోతుంది, ఎదురుగా ఉన్న మనిషికే భయం లేదని. ఇక మనకెందుకుంటుంది? రంగు ఆరి ఉన్నా, లైట్లు తగ్గించినా ఆ సీను నిలబడేది కాదని నా నమ్మకం.

ఇప్పుడు దీని పక్కన 1975 నాటి 'ది ఆర్క్ ఇన్ స్పేస్' పెట్టి చూడు. రాబర్ట్ హోమ్స్ రాసిన కథ. మనుషుల శరీరాల్లో చేరి వాళ్ళని తనలా మార్చుకునే ఒక పురుగు జాతి. నోవా అనే నాయకుడి చెయ్యి మారడం మొదలవుతుంది. ఆ చేతికి చుట్టింది పార్సిళ్ళలో వచ్చే బుడగల ప్లాస్టిక్ కవరు, దానికి ఆకుపచ్చ రంగు. అంతే. మా మనవరాలికి అప్పుడు తొమ్మిదేళ్ళు. చూడగానే "తాతయ్యా, అది బబుల్ రాపర్" అని కనిపెట్టేసింది. కానీ నోవా ఆ చేతిని జేబులో దాచుకోవడం, అది తన మాట వినకపోతే రెండో చేత్తో అణచిపెట్టడం చూశాక మాట మానేసింది. కాసేపటికి "ఆ చెయ్యి నొప్పి పుడుతోందా?" అని అడిగింది. కెంటన్ మూర్ అనే నటుడు ఆ ప్లాస్టిక్‌తో అంత పని చేయించాడు. అతనికి ఆ అవకాశం ఇచ్చింది మాత్రం కాగితం మీది రాత. తనని చంపెయ్యమని నోవా బతిమాలుకునే సీను కూడా తీశారు. మరీ భయంకరంగా ఉందని ప్రసారంలో తీసేశారు. బుడగల ప్లాస్టిక్ చుట్టుకున్న మనిషి మీద ఆ నిర్ణయం తీసుకోవలసి వచ్చిందంటే చూడు!

నీకు బాగా పనికొచ్చే కథ 1982లో వచ్చిన 'కిండా'. రచయిత క్రిస్టఫర్ బెయిలీ. ఆ పేర్లు వింటే నీకు ఆశ్చర్యం వేస్తుంది. చెడు శక్తి పేరు మార, బోధివృక్షం కింద బుద్ధుణ్ణి కదిలించడానికి వచ్చిన మారుడే. అడవిలోని జ్ఞాని పేరు పన్నా, మనం ప్రజ్ఞ అనే మాటకి పాళీ రూపం. ఆమె వెంట ఉండే అమ్మాయి కరుణ. కలలో కనపడేవాళ్ళలో ఒకడు దుఃఖ. నాగార్జునకొండ దగ్గర పుట్టి పెరిగిన నీకు ఈ మాటలకి వివరణ అక్కర్లేదు.

అందులో డాక్టర్‌తో ప్రయాణించే టీగన్ అనే అమ్మాయి గాలిగంటల కింద నిద్రపోతుంది. కలలోకి మార వస్తుంది. ఆమె చేతికి మరో చెయ్యి తగలగానే పాము పచ్చబొట్టు లాంటి గుర్తు పాకి ఆమె చేతి మీదికి చేరుతుంది. తర్వాత ఆమె ఇంకొకరి చెయ్యి పట్టుకుంటే అతనికీ పాకుతుంది. ఒక చెడు ఊహ మనిషి నుంచి మనిషికి ఎలా అంటుకుంటుందో ఇంతకన్నా తేలిగ్గా చూపించలేం. ఖర్చు కూడా పెద్దగా లేదు. నాలుగో భాగం చివర మాత్రం చుట్టూ అద్దాలు పెట్టి మారని బంధించాక అది పెద్ద పాముగా లేస్తుంది. తిరునాళ్ళలో అమ్మే గాలిబొమ్మని పెద్దది చేసినట్టు ఉంటుంది. 2011లో డీవీడీ వేసినప్పుడు కంప్యూటర్‌లో కొత్త పాముని చేసి, కావాలనుకున్నవాళ్ళు దాంతో చూసుకునేలా పెట్టారు. రెండూ చూశాను. కొత్త పాము చూడ్డానికి బాగుంది. కానీ నాకు భయం అందులో పెరగలేదు, ఎందుకంటే అది పచ్చబొట్టు దగ్గరే పుట్టింది. గాలిబొమ్మ పాము ఉన్నా ఆ కథ బతికింది.

డబ్బు చాలనప్పుడు రాతతో గట్టెక్కినవి ఇంకా ఉన్నాయి. లోహపు తొడుగుల్లో తిరిగే డాలెక్‌లు అనే శత్రువులని 1963 డిసెంబర్‌లో మొదటిసారి చూపించినప్పుడు ఎపిసోడ్ చివర కనపడేది డాక్టర్ వెంట వచ్చిన బార్బరా వైపు వచ్చే ఒక చెయ్యి మాత్రమే. నిజానికి అది సింకు బాగుచేసే రబ్బరు ప్లంజర్. మిగతాదంతా ఆమె కేక. 2007లో స్టీవెన్ మాఫట్ రాసిన 'బ్లింక్'లో దేవదూతల విగ్రహాలు, చూస్తున్నంతసేపూ కదలవు, రెప్ప వేస్తే దగ్గరికొస్తాయి. ఆ ఒక్క నియమం ఉండబట్టి వాటిని కదిలించే ఖర్చే లేదు. 2008లో రసెల్ టి డేవిస్ రాసిన 'మిడ్‌నైట్'లో జీవి అసలు కనపడదు. ఒకావిడ పక్కవాళ్ళ మాటలు తిరిగి చెప్పడం మొదలుపెడుతుంది, తర్వాత వాళ్ళతో పాటే అంటుంది, ఆ తర్వాత వాళ్ళకంటే ముందే అంటుంది. ఒక్క బండిలో కూర్చున్న కొద్దిమంది మనుషులు, అంతే.

ఇక నీ స్క్రిప్టు. పన్నెండో పేజీ నుంచి పద్నాలుగో పేజీ దాకా ఆ జీవి వర్ణన. ఆరు కళ్ళు, మెరిసే పొలుసులు, నాలుగు వేళ్ళు, నోట్లోంచి నీలం వెలుగు. ఇవి చదివితే నాకు భయం వెయ్యలేదు సౌమ్యా, మేకప్ చేసేవాళ్ళ మీద జాలి వేసింది. అది పరుగెత్తే సీన్లు కూడా మూడున్నాయి. 2005లో 'డాక్టర్ హూ'లోనే స్లిథీన్ అనే గ్రహాంతర కుటుంబాన్ని తీసినప్పుడు పరుగెత్తే గ్రాఫిక్స్ శరీరం ఒకలా, నటులు తొడుక్కున్న సూట్ ఇంకోలా ఉండి రెండూ కలవలేదు. ఆ పరుగులు తీసెయ్యి.

కానీ ముప్పై ఒకటో పేజీలో నువ్వు రాసిన నాలుగు వాక్యాలు చూసి పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. రోజూ తాటిదోనెలోకి యజమాని కంటే ముందే గెంతే కుక్క ఆ రోజు గట్టు మీదే ఆగిపోతుంది. పిలిచినా రాదు, మొరగదు. సుబ్బన్న ఒక్కడే దోనె తోసుకుని వెళ్ళిపోతాడు. దాన్ని నువ్వు అక్కడ వదిలేసి మళ్ళీ కళ్ళ వర్ణనకి వెళ్ళిపోయావు. ఎందుకు వదిలేశావు తల్లీ? తర్వాతి సీన్లో సుబ్బన్న భార్య ఆ కుక్క పక్కన నిలబడి నీళ్ళ వైపు చూడకూడదా? నీళ్ళకి ఎంత దూరంలో నిలబడుతుందో అది కూడా రాయి.

ఆ జీవికి ఏం కావాలో స్క్రిప్టు మొత్తంలో నాకు దొరకలేదు. అది తెలుసుకో. తెరకి చెప్పనక్కర్లేదు, నీకు తెలిస్తే చాలు. ఆరు కళ్ళలో ఎన్ని ఉంచాలో అప్పుడు నువ్వే తేల్చుకుంటావు.

మొదటి ఎపిసోడ్ ఒక్కటే తిరగరాసి పంపు. కుక్క గట్టు మీద ఆగిన చోట మొదలుపెట్టు.

నీ శ్రేయోభిలాషి,
మాస్టారు