నీ 41 'కరెక్ట్ అన్నా'లు

అబ్బాయ్,

నీ పాడ్‌కాస్ట్ కోసం ఆ లీడర్‌ని ఇంటర్వ్యూ చేసి నువ్వు పంపిన ఆడియో మొత్తం విన్నా, 2 గంటల 40 నిమిషాలు, మధ్యలో కరెంటు పోతే ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని మరీ విన్నా. గొంతు బాగుంది. ఇక తిట్లు.

"కరెక్ట్ అన్నా" అని నువ్వు 41 సార్లు అన్నావు, పెన్సిల్‌తో గీతలు పెట్టి లెక్కేశా. నువ్వేమో "నేను న్యూట్రల్ సార్, పొలిటికల్ కామెంట్ చెయ్యను, గెస్ట్‌ని మాట్లాడనిస్తా అంతే" అని రాశావు. మరి ఆ 41 ఏంటి? వినేవాడికి ఆయన మాట ఒక్కటే కాదు, దాని కింద నువ్వు గుద్దిన స్టాంపు కూడా వినిపిస్తది.

1 గంట 12వ నిమిషం దగ్గర ఆయన "సారా బంద్ చేసింది మా పార్టీయే, 1995లో" అన్నాడు, నువ్వు స్టాంపు గుద్దేశావు. కాదు నాయనా. సారా ఆగింది 1993 అక్టోబర్‌లో, కోట్ల విజయభాస్కరరెడ్డి సీఎంగా ఉన్నప్పుడు. 1995లో ఎన్టీఆర్ తెచ్చింది సంపూర్ణ మద్య నిషేధం, ఆ పేరు ఆయనకి ఇవ్వాల్సిందే, 1997లో దాన్ని సడలించింది కూడా అదే పార్టీ అని అడగాల్సిందే. ఆ సారా ప్యాకెట్లు వారుణి వాహిని అనే సర్కారు పథకం పేరుతో ఊరూరికీ వచ్చింది ఎవరి హయాంలోనో కూడా అడగాల్సిందే. అసలు రెండు పార్టీల మెడలూ వంచింది సారా మీద తిరగబడ్డ నెల్లూరు జిల్లా దూబగుంట ఆడోళ్ళు, వాళ్ళని నడిపించిన రోశమ్మ పేరు ఇంతసేపట్లో ఒక్కసారైనా రాలేదు.

నాకు కోపం ఎందుకంటే నేనూ ఇదే చేశా. 1992లో నెల్లూరు జిల్లాలో ఒక పేపర్‌కి స్ట్రింగర్‌ని, అంటే ఊరి వార్తలు పంపే విలేకరిని, ఆడోళ్ళు అడ్డం పడి సారా వేలం పాటలు వాయిదా మీద వాయిదా పడుతున్న రోజులు. అరువు టేప్ రికార్డర్ పట్టుకుని ఒక లీడర్ ఇంటికి పోతే కోడికూరతో భోజనం పెట్టాడు. ఇంటికొచ్చి క్యాసెట్ వేస్తే "అవునండి, అవునండి" అని నా గొంతే. మా అమ్మ విని "ఆయన కూర బాగుందా అని అడిగాడా ఏంది, అన్నిసార్లు అవునంటన్నావు" అంది. చచ్చినంత పనైంది. ఒకే ఒక్కచోట మాత్రం, చివర్లో, "మీ ఊరి సారా పాట ఎవరు పాడారండీ" అని అడిగి ఉన్నా. ఆయన మాట్లాడలేదు, టేపులో ఫ్యాన్ తిరిగే చప్పుడు, కిర్రు కిర్రుమని, ఎంతసేపో. అంతటి జవాబు నాకు మళ్ళీ దొరకలేదు. మా డెస్క్ పెద్దాయన కరెక్ట్‌గా ఆ ముక్కే కొట్టేసి, పైన "మనసులో మాట" అని హెడ్డింగ్ పెట్టాడు. ముప్పై ఏళ్ళు దాటినా ఆ హెడ్డింగ్ మీద కసి పోలేదు. ఇప్పుడు మీ థంబ్‌నెయిల్స్ మీద ఎర్ర అక్షరాల్లో "సంచలన నిజాలు" అని చూసినప్పుడల్లా ఆయనే గుర్తొస్తాడు, లోపల చూస్తే సంచలనమూ ఉండదు, నిజమూ ఉండదు.

"అవతలి పార్టీ ఆయన్ని కూడా పిలిస్తే బ్యాలెన్స్ అవుతది" అన్నావు. ఆయనకీ 41 కొడతావా? అది రెండు పెళ్ళిళ్ళలో భోంచేసి రావడం, బ్యాలెన్స్ కాదు. అమెరికాలో పాడ్‌కాస్ట్ చేసే జో రోగన్‌ని చూడు, 2024 అక్టోబర్‌లో ట్రంప్‌తో మూడు గంటల దాకా కబుర్లు, నవంబర్ 5న పోలింగ్ అయితే 4న నా మద్దతు ట్రంప్‌కే అని చెప్పేశాడు. మూడు గంటలు మాట్లాడనిస్తే నిజం దానంతట అదే బయటికొస్తదని మీ పాడ్‌కాస్ట్ వాళ్ళ నమ్మకం, ఉత్తదే, మాటకారికి టైమ్ ఇస్తే ఇంకా బాగా దాక్కుంటాడు. కానీ రోగన్ చెప్పేసి చేశాడు, నాకు పేచీ లేదు. నువ్వు చెప్పకుండా చేస్తున్నావు.

మైకు ఏది కొనాలని అడిగావు, నాకు తెలీదు.

ఆ అన్న నంబర్ ఉందిగా, ఇంకోసారి పో, 1993 సంగతి అడుగు, అడిగాక నోరు మూసుకుని కూర్చో. ఫ్యాన్ చప్పుడు వస్తే ఎడిటింగ్‌లో తీసెయ్యొద్దు. భోజనం పెడతానంటే మాత్రం టీ చాలు అని చెప్పు.