పాత ల్యాప్‌టాప్‌కి ర్యామ్ వేయించాలా, కొత్తది కొనాలా?

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

అంబాజీపేట కొట్లో లెక్కలు చూసే ల్యాప్‌టాప్ నత్తనడక నడుస్తోందనీ, ర్యామ్ (పని జరిగేటప్పుడు డేటా పట్టుకుని ఉండే మెమరీ) వేయించాలో కొత్తది కొనాలో తేలడం లేదనీ రాశావు. రిపేరు షాపుకి పట్టుకెళ్ళేముందు ఇంట్లోనే చూడాల్సినవి కొన్ని ఉన్నాయమ్మా.

మొదట ప్రాసెసర్ ఏ తరానిదో చూడు. సెట్టింగ్స్‌లో సిస్టమ్, దాని అడుగున అబౌట్. ఐ5-7200 అని ఉంటే ఏడో తరం, 8250 అయితే ఎనిమిది, 10210 అయితే పది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది, అంటే భద్రతా అప్‌డేట్లు మామూలుగా రావు. ఇంటెల్‌లో ఒకటీ అరా మినహాయిస్తే ఎనిమిదో తరం నుంచే విండోస్ 11 అధికారికంగా ఎక్కుతుంది. మీ నాన్నగారి బ్యాంకు పనులు, జీఎస్టీ రిటర్నులు ఆ మిషన్ మీదే కదా. అది ఏడో తరమో అంతకన్నా పాతదో అయితే దాని మీద ఇక డబ్బు పెట్టొద్దు. ర్యామ్ ఎంత వేసినా ఆ భద్రత లోటు తీరదు. లైనక్స్ ఎక్కించుకోమని ఎవరైనా అనొచ్చు గానీ మీ లెక్కల సాఫ్ట్‌వేర్ టాలీ విండోస్ మీద నడిచేది, కొట్టుకి అది కుదరదు.

ఎనిమిదో తరమో ఆ పైదో అయితే ఆశ ఉంది. రోజూ తెరిచేవన్నీ తెరిచి పెట్టు: టాలీ, ఎక్సెల్, బ్రౌజర్‌లో పది ట్యాబులు, వాట్సాప్. అప్పుడు కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. పెర్ఫార్మెన్స్‌లో మెమరీ (అదే ర్యామ్), డిస్క్ రెండూ చూడు. మెమరీ యాభై, అరవై శాతంలోనే ఉండి డిస్క్ నూరు శాతం కొట్టుకుంటుంటే తప్పు ర్యామ్‌ది కాదు, తిరిగే పాత హార్డ్ డిస్క్‌ది. దాని బదులు ఎస్‌ఎస్‌డి (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్) వేస్తే మిషన్ తెరుచుకునే తీరే మారిపోతుంది. మెమరీ తొంభై దాటి, డిస్క్ కూడా నూరులో ఉంటే ర్యామ్ చాలడం లేదు. చోటు లేక విండోస్ ర్యామ్‌లోని డేటాలో కొంత డిస్క్ మీదకి నెట్టి మళ్ళీ తెచ్చుకుంటోంది, అందుకే రెండూ నిండి కనిపిస్తాయి. చాలా పాత ల్యాప్‌టాప్‌లలో 4 జీబీ ర్యామూ, హార్డ్ డిస్కూ రెండూ ఉంటాయి. ఒక్కటే మార్చగలిగితే ముందు ఎస్‌ఎస్‌డినే వేయించమంటాను.

ర్యామ్ కొనేముందు ఆ మెమరీ పేజీలోనే స్లాట్లు (ర్యామ్ కడ్డీ కూర్చునే గాళ్ళు) ఎన్ని, ఎన్ని నిండాయి, వేగం ఎంత అన్నది రాసుకో. ‘రో ఆఫ్ చిప్స్’ అని ఉంటే ర్యామ్ బోర్డుకే అతికించేసి ఉందన్నమాట. పక్కన ఖాళీ స్లాట్ ఒకటి ఉండొచ్చు, ఉండకపోవచ్చు. స్లాట్ల లెక్క కూడా ఒక్కోసారి తప్పు చూపిస్తుంది, కాబట్టి వెనక మూత తీసి కళ్ళతో చూశాకే డబ్బు ఇవ్వండి. డీడీఆర్3, డీడీఆర్4, డీడీఆర్5 అని ర్యామ్‌లో రకాలు, వాటి అంచున గంట్లు వేరువేరు చోట్ల ఉంటాయి, ఒకదాని చోట ఇంకోటి ఎక్కదు. బలవంతంగా నొక్కితే స్లాట్ విరుగుతుంది. వేగం మాత్రం కాస్త తేడా ఉన్నా ఫరవాలేదు, 2400, 2666 కలిపితే రెండూ 2400తో నడుస్తాయి. పాత 4 జీబీ తీయకుండా ఖాళీ స్లాట్‌లో 8 జీబీ వేస్తే 12 అవుతుంది, కొట్టు పనికి అది ధారాళం. విండోస్ 32 బిట్‌దైతే 4 జీబీకి మించి వాడుకోలేదు, అదీ అబౌట్‌లోనే కనిపిస్తుంది.

బిగించేటప్పుడు షిఫ్ట్ పట్టుకుని షట్‌డౌన్ చెయ్యి, పూర్తిగా ఆగుతుంది. చార్జర్ తీసి, మూత విప్పి, లోపలి బ్యాటరీ తీగ ఊడదీసి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కిపట్టు. ర్యామ్ కడ్డీని స్లాట్‌లో ఏటవాలుగా పెట్టి లోపలికి తోసి, కిందికి నొక్కితే రెండు పక్కలా క్లిప్పులు టిక్కుమంటాయి. మొదటిసారి తెర ఓ నిమిషం నల్లగా ఉండొచ్చు, కంగారుపడి ఆపేయకు. ఎంతకీ వెలగకపోతే తీసి మళ్ళీ కూర్చోబెట్టు, సగం ఎక్కడమే ఎక్కువసార్లు కారణం.

కోనసీమ గాలి తేమ సంగతి మరవకు. ఉప్పుగాలికి ర్యామ్ కడ్డీ అంచున ఉన్న పళ్ళు మసకేసి, మంచి ర్యామ్ కూడా చెడినట్టు కనిపిస్తుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన మెత్తటి గుడ్డతో తుడవాలి. రబ్బరుతో గీకడం షాపుల్లో అలవాటే గానీ పైనున్న పల్చటి బంగారు పూత అరిగిపోతుంది. ఏసీ గదిలోంచి ఉక్కలోకి తెచ్చిన వెంటనే మూత తీయకు, లోపల చెమ్మ పడుతుంది. అరగంట ఆగు.

2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి, ఇదివరకటి లెక్క పనికిరాదు. కాకినాడలోనో రాజమండ్రిలోనో రెండు షాపుల్లో అడిగి, ర్యామ్, ఎస్‌ఎస్‌డి, అవసరమైతే బ్యాటరీ, కూలీ అన్నీ కలిపి చూడండి. కొత్తదాని ధరలో మూడో వంతు దాటితే ఆగిపోండి, కొత్తదే మేలు. కీలు వదులై తెర ఊగుతున్నా, ఫ్యాన్ గోల పెడుతున్నా అంతే. కొత్తది కొంటే 16 జీబీ ఉన్నది, కనీసం ఒక స్లాట్ అయినా విడిగా ఉన్నది అడగండి.

ఏం చేసినా ముందు టాలీ డేటా బ్యాకప్ ఒక పెన్ డ్రైవ్‌లోకీ, ఇంకొకటి వేరేచోటకీ తీసి, రెండోదాన్ని ఇంకో మిషన్‌లో తెరిచి చూడు.

మీ మామయ్య