నల్ల ప్లాస్టిక్కు తెల్లబడితే, టైరు గోధుమరంగు తిరిగితే

ప్రశ్న: కారు కొని ఏడేళ్లయింది. షెడ్డు లేదు, వేపచెట్టు నీడ మధ్యాహ్నం దాకానే ఉంటుంది. బంపరు కింది భాగం, చక్రాల చుట్టూ ఉన్న నల్లటి పట్టీలు, వైపర్ల కింది జాలీ అన్నీ బూడిదరంగుకు తిరిగాయి. సర్వీసింగుకు ఇచ్చినప్పుడల్లా అక్కడి కుర్రాడు నూనెలాంటిది ఏదో పూస్తాడు. రెండు రోజులు నిగనిగలాడి, ఒక్క వానకే మళ్లీ మొదటికొస్తుంది. దీనికి శాశ్వతమైన మార్గం ఉందా?
– ఒక పాఠకుడు, రెంటచింతల

జవాబు: ఎండాకాలం పేరెత్తగానే అందరికీ గుర్తొచ్చే ఊరి నుంచి ఈ ప్రశ్న రావడంలో ఆశ్చర్యం లేదు. రంగు వేయని ఆ నల్లటి భాగాలు చాలా కార్లలో పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్కుకు కొంత రబ్బరు, కొంత టాల్క్ పొడి కలిపి పోతపోసినవి. నలుపు కోసమూ, ఎండను తట్టుకోవడం కోసమూ అందులో కార్బన్ బ్లాక్ అనే మసిని కలుపుతారు. అయితే బానెట్టుకూ డోర్లకూ పెయింటు మీద ఉండే క్లియర్‌కోటు అనే పారదర్శకమైన పొర వీటికి ఉండదు. అందువల్ల అతినీలలోహిత కిరణాలు నేరుగా ప్లాస్టిక్కు మీదే పడి, దాని పొడవాటి అణుగొలుసులను ఏళ్ల తరబడి తెంపుతూ పోతాయి. పైపొర పెళుసెక్కి, కంటికి ఆనని బీటలు వారుతుంది. ఆ బీటల దగ్గర వెలుతురు చెదిరిపోవడం వల్లనే నలుపు మనకు బూడిదరంగుగా కనబడుతుంది.

నమ్మకం కలగకపోతే ఒక చెంబు నీళ్లు బంపరు మీద పోసి చూడండి. తడి ఉన్నంతసేపూ అది కొత్తదానిలా నల్లగా ఉండి, ఆరేకొద్దీ అంచుల నుంచి తెల్లబడుతూ వస్తుంది. నీరు బీటలను నింపి ఉన్నంతసేపు వెలుతురు చెదరదు. మీ సర్వీసింగ్ కుర్రాడు పూసే నూనె చేసే పని కూడా సరిగ్గా ఇదే, కాకపోతే నీళ్లకన్నా కాస్త ఆలస్యంగా పోతుంది. దానివల్ల ప్లాస్టిక్కుకు పెద్ద ప్రమాదమేమీ లేదు గాని, రక్షణ కూడా లేదు. పైగా జిడ్డుకు దుమ్ము అంటుకుంటుంది. నేనూ ఒకప్పుడు ఇంట్లోని కొబ్బరినూనెతో ఈ ప్రయోగం చేసినవాణ్నే; సాయంత్రం పూసి, మర్నాడు మట్టిరోడ్డు మీద పాతిక కిలోమీటర్లు వెళ్లి వచ్చేసరికి బంపరు మీద ముగ్గు వేసుకునేంత దుమ్ము పేరుకుంది.

తెగిన గొలుసులు తిరిగి అతుక్కోవు కనుక, శాశ్వతమైన మార్గం అంటే ఆ భాగాన్ని మార్చుకోవడమొక్కటే. అంత ఖర్చు అక్కరలేదనుకుంటే ప్లాస్టిక్కు కోసమే తయారైన సిరామిక్ కోటింగు వేయించుకోండి. ఇది నూనెలా తడిగా ఉండిపోకుండా, గాలి తగిలి గట్టిపడి పైపొరను పట్టుకుంటుంది కాబట్టి వారాల లెక్కన కాక నెలల లెక్కన నిలుస్తుంది. ప్లాస్టిక్కు మరీ పాలిపోయి ఉంటే నల్ల రంగు కలిసిన రిస్టోరర్లు దొరుకుతాయి. అవి చేతికీ, పక్కనున్న పెయింటుకూ కూడా అంటుకుంటాయి కనుక ముందుగా అంచుల వెంట మాస్కింగ్ టేపు అంటించడం తప్పనిసరి.

అసలు పని మాత్రం పూయడంలో లేదు, కడగడంలో ఉంది. ఇన్నాళ్లూ పూసిన నూనె ఆ గరుకులో ఇంకా మిగిలే ఉంటుంది. దాని మీద ఎంత ఖరీదైన కోటింగు వేసినా పట్టు దొరకదు. కారును నీడలో నిలిపి, ప్లాస్టిక్కు చల్లబడ్డాక, జిడ్డును తీసే క్లీనరును నీళ్లతో కలిపి, మెత్తటి బ్రష్షుతో గరుకు గుంటల్లోకి దిగేలా రుద్దండి. మొదటిసారి నురుగు మసిరంగులో వస్తుంది. అది తెల్లగా వచ్చేదాకా రెండు మూడు సార్లు రుద్ది కడగాలి. తరువాత నీళ్లు చల్లితే అవి ముత్యాల్లా నిలవకుండా పలచగా పరుచుకోవాలి. ముత్యాలు కట్టాయంటే పాత నూనె ఇంకా ఉన్నట్టే. చివరగా ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి, కోటింగును పలచగా పట్టించి, డబ్బా మీద చెప్పిన సమయానికి మిగులును మైక్రోఫైబర్ గుడ్డతో తుడిచేయండి. మందంగా వేస్తే ఎక్కువ కాలం ఉంటుందన్నది అపోహ. మందంగా వేసినచోట చారలు కడుతుంది. ఆ రోజు తడి తగలకుండా చూసుకోండి. వేపచెట్టు నీడ మధ్యాహ్నం తప్పుకుంటుందన్నారు కనుక, ఆ వేళకు ముందు భాగం పడమటి ఎండకు ఎదురుగా లేకుండా కారును తిప్పి నిలిపినా కొంత మేలే.

ప్రశ్న: హీట్ గన్‌తో వేడి చేస్తే పాత నలుపు తిరిగి వస్తుందని వీడియోల్లో చూపిస్తున్నారు. ప్రయత్నించవచ్చా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: నలుపు వస్తుందన్నది నిజమే. పైపొర వేడికి మెత్తబడి, బీటలు కొంత పూడుకుని సర్దుకోవడం వల్ల అలా కనబడుతుంది. కాని పాలీప్రొపిలీన్ సుమారు 160 డిగ్రీల సెల్సియస్ వద్దనే కరుగుతుంది. హీట్ గన్ నుంచి వచ్చే గాలి దానికి రెండు మూడు రెట్ల వేడితో ఉంటుంది. చేయి ఒక్క క్షణం ఆగితే గరుకు కరిగి, ఆ మేర నున్నటి మచ్చ పడుతుంది. సన్నటి పట్టీ అయితే వంకర తిరుగుతుంది, పక్కనున్న పెయింటు కూడా ఉబ్బుతుంది. పైగా ఎండ మళ్లీ తన పని తాను చేసుకుపోతుంది, మీరు అదే చోటును మళ్లీ మళ్లీ కాల్చలేరు. వీడియోలో చూపేది మొదటి రోజు ముచ్చటే. నా సలహా, వద్దు.

ప్రశ్న: కారుకు వ్యాక్స్ పట్టించినప్పుడు నల్లటి క్లాడింగుకు (రంగు వేయని ప్లాస్టిక్కు పట్టీలకు) కూడా అంటి, తెల్లటి మరకలు పడ్డాయి. ఎంత కడిగినా పోవడం లేదు.
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: పిల్లల పెన్సిల్ రబ్బరు తీసుకుని మరక మీద నెమ్మదిగా రుద్దండి, గరుకు గుంటల్లో ఎండిపోయిన వ్యాక్సును అది ముద్ద ముద్దగా లాగేస్తుంది. మిగిలినదాన్ని గోరువెచ్చని సబ్బునీళ్లతో, పాత టూత్‌బ్రష్షుతో తీయవచ్చు. ఇకమీదట వ్యాక్స్ పట్టించే ముందు నల్ల భాగాల అంచున టేపు అంటించండి.

ప్రశ్న: మా కారు పదిహేను రోజులకొకసారి కూడా బయటికి తీయం. అయిదేళ్లలో 14,000 కిలోమీటర్లే తిరిగింది. టైర్ల గాడులు ఇంకా లోతుగానే ఉన్నాయి గాని, పక్క గోడలు గోధుమరంగుకు మారి, వెంట్రుకల్లాంటి పగుళ్లు కనబడుతున్నాయి. టైర్ పాలిష్ వాడితే పగుళ్లు ఆగుతాయని దుకాణంలో చెప్పారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ఆగవు. ముందుగా ఆ గోధుమరంగు సంగతి చెప్పాలి. గాలిలోని ఓజోన్ రబ్బరును కొరుకుతుంది కాబట్టి, టైరు తయారుచేసేటప్పుడే దాన్ని అడ్డుకునే రసాయనాన్నీ, కొంత మైనాన్నీ రబ్బరులో కలుపుతారు. ఇవి లోపలి నుంచి మెల్లగా పైకి ఊరుతూ పొరలా ఏర్పడతాయి. ఆ రసాయనం గాలికి ఆక్సీకరణం చెంది గోధుమరంగు తిరుగుతుంది. అంటే మీరు మురికి అనుకుంటున్నదానిలో కొంత భాగం, టైరు తనకు తాను రాసుకున్న మందు. చక్రం తిరిగేటప్పుడు పక్క గోడ వంగుతూ లేస్తూ ఉండటం వల్లనే ఈ ఊట సరిగా సాగుతుంది. నెలల తరబడి ఒకేచోట నిలిచిన కారుకు ఆ అవకాశం ఉండదు. బరువు పడి వంగిన చోటనే ఓజోన్ పగుళ్లు మొదలవుతాయి. తక్కువ తిరిగిన టైరు ఎక్కువ కాలం మన్నుతుందన్న లెక్క అందుకే తప్పుతుంది. ఇంకొక మాట: వెల్డింగు పని దగ్గరలో ఉంటే అక్కడ ఓజోన్ ఎక్కువ, కారును దానికి దూరంగా నిలపండి.

పాలిష్‌లలో రెండు రకాలు. పాలలా తెల్లగా ఉండేవి సాధారణంగా నీటి ఆధారంగా చేసినవి. పారదర్శకంగా, జిడ్డుగా, పెట్రోలు వాసనతో ఉండేవి సాల్వెంటు కలిసినవి. ఇవి మైనపు పొరను కరిగించి, అసలున్న రక్షణనే తీసేస్తాయి. డీజిలు, కిరోసిన్ పూసేవారు నేటికీ ఉన్నారు. అవి రబ్బరును ఉబ్బించి మెత్తబరుస్తాయి. చూపుకు బాగుండాలనుకుంటే మొదటి రకాన్ని, కడిగి ఆరిన టైరుకు స్పాంజితో పలచగా రాసి, పది నిమిషాల తరువాత పొడిగుడ్డతో తుడిచేయండి. తుడవకపోతే మొదటి కిలోమీటరులోనే అది చిమ్మి, చక్రాల వెనుక డోరు మీద నల్లటి చుక్కలు పడతాయి. రోడ్డును తాకే గాడుల భాగానికి మాత్రం ఎన్నడూ రాయవద్దు.

ఇక మీ టైర్ల వయసు చూడండి. పక్క గోడ మీద డి.ఓ.టి. అక్షరాలతో మొదలయ్యే వరుస చివర నాలుగంకెలుంటాయి; 2319 అంటే 2019లో 23వ వారం అని అర్థం. కొన్ని టైర్లకు ఇది లోపలి వైపే ఉంటుంది కనుక, కనబడకపోతే టార్చి వేసుకుని కారు కిందికి వంగి చూడాలి. కారు వయసు అయిదేళ్లే అయినా టైర్లు అంతకన్నా పాతవి కావచ్చు. అయిదేళ్లు దాటిన టైర్లను ఏటా నిపుణునితో చూపించుకోవాలనీ, పదేళ్లు నిండితే గాడులు ఎంత ఉన్నా తీసేయాలనీ టైరు కంపెనీలే చెబుతాయి. కార్ల టైర్లకు చట్టం అడిగే కనీస లోతు 1.6 మిల్లీమీటర్లు; మీ టైర్లు ఆ పరీక్షలో సులువుగా నెగ్గుతాయి గాని, పగుళ్ల విషయంలో ఆ కొలత ఏమీ చెప్పదు. గోరుతో గీస్తే అందని పైపై పగుళ్లయితే కనిపెట్టుకుని ఉండవచ్చు. గోరు దిగబడినా, లోపలి దారాలు కనిపించినా, ఎక్కడైనా ఉబ్బు లేచినా ఆ టైరుతో హైవే ఎక్కవద్దు. స్టెప్నీని కూడా ఇదే కంటితో చూడండి. దాన్ని అందరూ మరచిపోతారు. వారానికొకసారి కారును పది కిలోమీటర్లయినా తిప్పి, నెలకొకసారి టైర్లు చల్లగా ఉన్నప్పుడు గాలి చూపించండి. గాలి తగ్గిన టైరు పక్క గోడ అతిగా వంగి, ఏ పాలిష్ ఆపలేనంత వేగంగా పగులుతుంది.

ప్రశ్న: మా అబ్బాయి బైకు టైర్లకు కూడా ఈ పాలిష్ పూస్తున్నాడు. పరవాలేదా?
– ఒక పాఠకుడు, నిజామాబాద్

జవాబు: వెంటనే మాన్పించండి. కారు టైరుకు పక్క గోడ వేరు, రోడ్డును తాకే భాగం వేరు. బైకు మలుపులో వాలినప్పుడు మాత్రం టైరు భుజం దాకా రోడ్డుకు ఆనుతుంది. అక్కడ పాలిష్‌లోని సిలికాన్ జిడ్డు ఉంటే పట్టు తప్పి జారుతుంది. తుంపర డిస్కు మీద పడితే బ్రేకు కూడా పట్టదు. ఇప్పటికే పూసి ఉంటే, గిన్నెలు తోమే సబ్బునీళ్లతో టైరు మొత్తాన్ని బ్రష్షు పెట్టి రుద్ది, జారుడు పోయేదాకా కడిగించండి; డిస్కును ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో శుభ్రమైన గుడ్డ తడిపి తుడవాలి. ఆ తరువాత కూడా మొదటి కొన్ని కిలోమీటర్లు పొడిరోడ్డు మీద, మలుపుల్లో వాల్చకుండా, నెమ్మదిగా నడపమనండి.